రాత్రి గాలి ఉచితమే, ఫ్యాన్ కరెంటు కాదు: ఆఫీసు భవనాల్లో నైట్ వెంటిలేషన్ లెక్క

క్లుప్తంగా: పగలంతా కాంక్రీటులో చేరిన వేడిని రాత్రి చల్లగాలితో బయటికి పంపేయడమే నైట్ వెంటిలేషన్. గాలి పొడిగా ఉండి, పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో బాగా తేడా ఉండి, స్లాబ్ గాలికి తగిలేలా ఉంటే ఏసీ భారం గట్టిగానే తగ్గుతుంది. ఉక్కపోత ఉన్నచోట, ఫాల్స్ సీలింగ్ స్లాబును కప్పేసిన చోట, ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పేచోట మిగిలేది తక్కువ. ఒక్కోసారి బిల్లు పెరుగుతుంది కూడా.

అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో వాడే కరెంటులో దాదాపు 10 శాతం ఏసీలకు, ఫ్యాన్లకు పోతోంది. అప్పటికి వాడకంలో ఉన్న ఏసీలు 160 కోట్లు. 2050 నాటికి అవి 560 కోట్లకు చేరవచ్చని ఆ నివేదిక అంచనా వేసింది. ఈ భారం తగ్గించే మార్గాల గురించి మాట వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించే సూచనల్లో ఒకటి రాత్రి గాలి వాడకం. వినడానికి తేలికగానే ఉంటుంది. సాయంత్రం జనం వెళ్లిపోయాక ఆఫీసు ఖాళీ, బయట చల్లబడుతోంది, కిటికీలనో, డక్టుల్లో గాలిని ఆపి వదిలే తలుపుల్లాంటి డ్యాంపర్లనో తెరిస్తే చాలు కదా అనిపిస్తుంది.

ఇలా చేసి మంచి ఫలితం చూసిన భవనాలు ఉన్నాయి. ఇదే పని చేసి, నెలాఖరున బిల్లు తగ్గలేదని ఆపేసిన భవనాలూ ఉన్నాయి. రెండు అనుభవాలూ నిజమే. తేడా ఎక్కడ వస్తోందో తెలియాలంటే వేడి ఎక్కడ దాగుతుందో, దాన్ని బయటికి పంపడానికి ఎంత ఖర్చవుతుందో చూడాలి.

## సాయంత్రం ఏసీ ఆపాక

ఆఫీసులో వేడి పుట్టించేవి చాలానే ఉంటాయి. కుర్చీలో కూర్చున్న మనిషి ఒంటి నుంచే సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. కంప్యూటర్లు, లైట్లు, అద్దాల గుండా వచ్చే ఎండ దీనికి తోడు. అన్నీ కలిపి చదరపు మీటరుకు 20 నుంచి 40 వాట్ల వరకు ఉండటం మామూలే. సగటున 30 వాట్లు, పది గంటల పని అనుకుంటే, వెయ్యి చదరపు మీటర్ల అంతస్తులో రోజుకు 300 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి పుడుతుంది.

దీనిలో చాలా భాగాన్ని ఏసీ అప్పటికప్పుడు బయటికి పంపేస్తుంది. మిగిలింది గోడల్లోకి, స్లాబుల్లోకి, ఫర్నిచర్‌లోకి ఇంకుతుంది. సాయంత్రం ఏసీ ఆపగానే ఆ వేడి మెల్లగా గదిలోకి తిరిగి వస్తుంది. అద్దాలన్నీ బిగించిన భవనంలో అది బయటికి పోయే దారి ఉండదు. బయట ఎంత చల్లబడినా లోపల గాలి వెచ్చగానే ఉంటుంది. అందుకే ఉదయం ఏసీ ప్లాంటు పని మొదలుపెట్టగానే ముందు నిన్నటి వేడిని తోడాలి, ఆ తర్వాతే ఈ రోజు వేడి సంగతి చూడాలి. బయట గాలి 18 డిగ్రీల దగ్గర ఉన్న ఉదయం కూడా లోపల చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) తిరుగుతూ కనిపించడానికి కారణం ఇదే.

## చల్లదనాన్ని దాచేది గాలి కాదు, స్లాబ్

రాత్రి గదిలో నింపిన చల్లగాలి పొద్దున్నే పనికొస్తుందన్నది తరచుగా వినిపించే అపోహ. మూడు మీటర్ల ఎత్తున్న గదిలో చదరపు మీటరు నేల మీద ఉండే గాలి బరువు నాలుగు కిలోల లోపే. దాన్ని ఒక డిగ్రీ చల్లబరిస్తే దాచుకోగలిగేది సుమారు 1 వాట్ అవర్. జనం లోపలికి వచ్చి లైట్లు వేసిన కొద్ది నిమిషాల్లోనే అది కరిగిపోతుంది.

అదే చదరపు మీటరు మీద 10 సెంటీమీటర్ల కాంక్రీటు ఉంటే దాని బరువు 240 కిలోల దాకా ఉంటుంది. ఒక డిగ్రీ చల్లబడితే అది సుమారు 60 వాట్ అవర్లు దాచుకుంటుంది. గాలి కన్నా 60 రెట్లు. అంటే వెయ్యి చదరపు మీటర్ల స్లాబ్ రాత్రి 3 డిగ్రీలు చల్లబడితే, మర్నాడు 180 యూనిట్ల వేడిని పీల్చుకునే శక్తి దానికి వస్తుంది. పైన చెప్పిన 300 యూనిట్లలో ఇది సగం పైమాటే.

స్లాబ్ ఎంత మందంగా ఉంటే అంత మంచిదనుకోవడం కూడా సరికాదు. 24 గంటల్లో వేడి కాంక్రీటులోకి సుమారు 15 సెంటీమీటర్ల లోతు వరకే చొరబడుతుంది. అసలు పని పైపైన ఉన్న 10 సెంటీమీటర్లదే. అంతకు మించిన మందం భవనం నిలబడటానికి పనికొస్తుంది గానీ రోజువారీ చల్లదనానికి పెద్దగా కలిసిరాదు.

స్లాబ్ గాలికి తగలడం మాత్రం తప్పనిసరి. ఈ ఒక్క చోటే చాలా ఆఫీసులు వెనకబడిపోతాయి. పైన ఫాల్స్ సీలింగ్, కింద దళసరి కార్పెట్ ఉంటే 240 కిలోల కాంక్రీటు ఉన్నా లేనట్టే. ఫాల్స్ సీలింగ్ తీసేద్దామంటే మాటలు ప్రతిధ్వనిస్తాయి, పైపులూ డక్టులూ బయటపడతాయి. అందుకే కొత్త భవనాల్లో స్లాబును నగ్నంగా వదిలి, శబ్దం పీల్చే పలకలను మధ్య మధ్య వేలాడదీస్తున్నారు. సందుల్లోంచి గాలి పైకి వెళ్తుంది, ప్రతిధ్వనీ తగ్గుతుంది.

కాంక్రీటు లేని తేలికపాటి భవనాలకు మరో దారి ఉంది. 21 నుంచి 25 డిగ్రీల మధ్య కరిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టే పారఫిన్ మైనం లాంటి పదార్థాలను సీలింగ్ పలకల్లో నింపుతారు. ఇలాంటి పదార్థం ఒక కిలో కరిగేటప్పుడు పీల్చుకునే వేడి, 60 కిలోల కాంక్రీటు 3 డిగ్రీలు వేడెక్కడానికి సరిపోయే వేడితో దాదాపు సమానం. కానీ రాత్రి అది పూర్తిగా గడ్డకట్టాలి. వరసగా రెండు మూడు రాత్రులు వెచ్చగా గడిస్తే ఆ పలకలకూ మామూలు పలకలకూ తేడా ఉండదు.

## పూర్తి వేగంతో తిప్పితే వచ్చేది నష్టమే

చాలా వ్యాసాల్లో వదిలేసే భాగం ఇది. నిజానికి లాభనష్టాలు ఇక్కడే తేలతాయి.

పై ఉదాహరణలోని వెయ్యి చదరపు మీటర్ల అంతస్తునే తీసుకుందాం. రాత్రి 8 గంటలపాటు, గంటకు ఆరుసార్లు గదిలోని గాలి మొత్తం మారేలా ఏసీ డక్టుల్లోంచి బయటి గాలి పంపుతున్నారు. మామూలు ఆఫీసు డక్టులకు ఇది దాదాపు పూర్తి వేగం. సెకనుకు 5,000 లీటర్ల గాలి కదలాలి. సరఫరా ఫ్యాన్, బయటికి లాగే ఫ్యాన్ కలిపి లీటరుకు 2 వాట్లు తీసుకుంటాయనుకుందాం. సాధారణ భవనంలో ఇది అసాధారణమైన అంకె కాదు. మొత్తం 10 కిలోవాట్లు, 8 గంటలకు 80 యూనిట్లు.

దీనికి బదులుగా ఏం వచ్చింది? బయటి గాలి స్లాబ్ కన్నా సగటున 5 డిగ్రీలు చల్లగా ఉంటే, పైనా కిందా కాంక్రీటు రెండువైపులా గాలికి తగులుతుంటే, రాత్రంతా కలిపి స్లాబ్ నుంచి సుమారు 150 యూనిట్ల వేడి బయటికి పోతుంది. అదే 150 యూనిట్ల వేడిని పగలు ఏసీ ప్లాంటుతో తీయాలంటే, పంపులూ కూలింగ్ టవర్లూ కలుపుకొని ప్రతి యూనిట్ కరెంటుకు మూడున్నర యూనిట్ల వేడి తీసే ప్లాంటుకు 43 యూనిట్లు చాలు. రాత్రి ఫ్యాన్లకేమో 80 యూనిట్లు ఖర్చయ్యాయి. చల్లదనం వచ్చిన మాట నిజమే, కానీ ఏసీ కన్నా దాదాపు రెట్టింపు కరెంటు పెట్టి తెచ్చుకున్నట్టయింది.

ఇప్పుడు అవే ఫ్యాన్లను, మోటారు వేగాన్ని మార్చే పరికరమైన వీఎఫ్‌డీతో సగం వేగానికి తగ్గించి చూద్దాం. గాలి గంటకు మూడుసార్లే మారుతుంది. డక్టు మారనంతవరకు ఫ్యాన్ తీసుకునే శక్తి వేగానికి ఘనంలో తగ్గుతుంది. అంటే వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతు. 80 యూనిట్లు 10 యూనిట్లవుతాయి. మోటారు, డ్రైవ్ నష్టాలు కలుపుకుంటే మరికొంత ఎక్కువ. బయటికి పోయే వేడి మాత్రం సగం కాదు. 150 నుంచి 100 యూనిట్ల దగ్గరికి తగ్గుతుంది, అంతే. ఏసీతో ఆ 100 యూనిట్లు తీయడానికి 30 యూనిట్ల దాకా కావాలి కాబట్టి ఈసారి లాభమే.

వేగం సగానికి తగ్గినా వేడి మూడింట ఒక వంతే ఎందుకు తగ్గింది? కాంక్రీటు పైపొర నుంచి గాలిలోకి వేడి దాటడం నెమ్మదైన పని. చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు 2 నుంచి 4 వాట్ల వరకే దాటుతుంది. గాలిని ఎంత పోటెత్తించినా ఈ అడ్డు దాదాపు అలాగే ఉంటుంది. ఫ్యాన్ వేగం పెంచేకొద్దీ గాలి స్లాబ్ నుంచి వేడి పూర్తిగా అందుకోకుండానే బయటికి వెళ్లిపోతుంది. గంటకు 6 మార్పుల నుంచి 12కు పెంచితే బయటికి పోయే వేడి పెరిగేది సుమారు 25 శాతమే. అదే డక్టులో ఫ్యాన్ కరెంటేమో ఎనిమిది రెట్లు.

దీనికి తోడు సరఫరా ఫ్యాన్ గాలిని వేడెక్కిస్తుంది. పూర్తి వేగంతో తిరిగేటప్పుడు లోపలికి వచ్చే గాలి సుమారు ఒక డిగ్రీ వెచ్చబడవచ్చు. బయటికీ లోపలికీ తేడా ఉన్నదే 3 డిగ్రీలైతే, మూడో వంతు అక్కడే పోయినట్టు. సగం వేగంలో ఈ నష్టం పావు వంతుకు పడిపోతుంది.

కాబట్టి బిల్లు తగ్గలేదని నిరాశపడిన భవనాల్లో ముందుగా చూడాల్సింది రాత్రి ఫ్యాన్ వేగాన్ని. త్వరగా చల్లబరచాలని రాత్రి రెండు గంటలు పూర్తి వేగంతో తిప్పేకన్నా, సగం వేగంతో తెల్లవారే వరకు తిప్పడం మేలు. ఫిల్టర్లు, కూలింగ్ కాయిల్ ఎక్కువ ఒత్తిడి తీసుకునే భవనాల్లో రాత్రి గాలికి కాయిల్ పక్కనుంచి వేరే దారి ఇవ్వగలిగితే ఖర్చు ఇంకా దిగుతుంది.

## థర్మామీటర్ చూపించని వేడి

బయట 24 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు. తలుపులు తెరిచెయ్యమని థర్మామీటర్ చెబుతుంది. బయట తేమ 90 శాతం, లోపల 50 శాతం ఉంటే ఆ సలహా తప్పు.

కిలో పొడి గాలికి లెక్కేస్తే, 24 డిగ్రీలు, 90 శాతం తేమ ఉన్న గాలిలో దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 27 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో 11 గ్రాములే. ఆవిరిలో దాగిన వేడిని కూడా కలిపితే, బయటి గాలిలో కిలోకు 67 కిలోజౌళ్లు, లోపలి గాలిలో 56. చల్లగా అనిపించే బయటి గాలే మొత్తం మీద ఎక్కువ వేడి మోసుకొస్తోంది.

రాత్రంతా ఆ గాలి తిరిగితే కార్పెట్లు, కాగితాల కట్టలు, జిప్సం బోర్డులు, చెక్క ఫర్నిచర్ తేమను తాగేస్తాయి. పొద్దున ఏసీ వేయగానే అవి దాన్ని మెల్లగా తిరిగి వదులుతాయి. ఒక కిలో నీటి ఆవిరిని నీరుగా మార్చి గాలిలోంచి తీయాలంటే సుమారు 2,450 కిలోజౌళ్లు తోడాలి. రాత్రి స్లాబులో దాచిన చల్లదనంలో పెద్ద వాటా ఈ తేమ ఖాతాలోకి వెళ్లిపోతుంది. జనానికి కలిగే ఇబ్బంది వేరే. ఉష్ణోగ్రత సరిగ్గానే చూపిస్తున్నా ఉదయం మొదటి రెండు గంటలు ఒళ్లు జిడ్డుగా, గది ముక్కవాసనగా అనిపిస్తుంది.

ఇంకో ప్రమాదం చెమ్మ పట్టడం. పై ఉదాహరణలోని బయటి గాలికి డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 22 డిగ్రీల పైనే. రాత్రి 21 డిగ్రీలకు చల్లబడ్డ స్లాబుకు పొద్దున ఇలాంటి గాలి తగిలితే పైపొర మీద నీటి చుక్కలు పడతాయి. కొన్ని వారాలు అలా కొనసాగితే బూజు మొదలవుతుంది.

అందువల్ల ఉష్ణోగ్రత ఒక్కటే చూసి డ్యాంపర్లు తెరిచే కంట్రోల్ తీర ప్రాంతాలకు, వానాకాలానికి పనికిరాదు. డ్యూ పాయింట్ చూసే సెన్సర్ ఉండాలి. 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదికి డ్యూ పాయింట్ సుమారు 14 డిగ్రీలు. బయటి గాలి డ్యూ పాయింట్ అంతకన్నా బాగా ఎక్కువగా ఉన్న రాత్రి డ్యాంపర్లు మూసి ఉంచడమే నయం. ఎడారి ప్రాంతాల్లో, ఎత్తైన పీఠభూముల్లో ఈ సమస్యే ఉండదు. అక్కడ రాత్రి గాలి చల్లగానూ పొడిగానూ ఉంటుంది. గాలిని పట్టి ఇంట్లోకి దింపే గాలిగోపురాలకు పేరుపడిన యాజ్ద్ నగరం ఇరాన్ ఎడారి అంచునే ఉండటం యాదృచ్ఛికం కాదు.

## ఫ్యాన్ లేకుండా సాధ్యమేనా

కరెంటు అసలే లేకుండా గాలి కదలాలంటే రెండే ఆధారాలు: బయట వీచే గాలి, వేడి గాలి పైకి లేవడం. రెండోది ఎంత బలహీనమైనదో చూస్తే కొంత ఆశ్చర్యం కలుగుతుంది. పది మీటర్ల ఎత్తున్న గాలి మార్గంలో లోపలికీ బయటికీ 5 డిగ్రీల తేడా ఉంటే పుట్టే ఒత్తిడి సుమారు 2 పాస్కల్స్. ఏసీ యూనిట్‌లోని ఒక్క ఫిల్టర్ దాటడానికే 100 పాస్కల్స్ లేదా అంతకన్నా ఎక్కువ కావాలి.

ఈ ఒక్క పోలిక నుంచే చాలా సంగతులు అర్థమవుతాయి. సహజంగా గాలి ఆడే భవనానికి పెద్ద పెద్ద కిటికీలు, మధ్యలో ఎత్తైన ఖాళీ, పైన చిమ్నీలు కావాలి. మధ్యలో గోడలు అడ్డొస్తే గాలి ఆగిపోతుంది. ఫిల్టర్ పెట్టే వీలుండదు కాబట్టి దుమ్ము, వాహనాల పొగ ఎక్కువున్న చోట ఈ పద్ధతి ఆరోగ్యానికి మంచిది కాదు. అద్దాల పెట్టెలా కట్టేసిన భవనానికి దీన్ని తర్వాత అతికించడం దాదాపు అసాధ్యం. మొదటి గీతలోనే ఉండాలి.

అలా మొదటి నుంచే అనుకుని కట్టినవాటిలో జింబాబ్వే రాజధాని హరారేలోని ఈస్ట్‌గేట్ సెంటర్ బాగా ప్రసిద్ధం. ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్, ఇంజనీరింగ్ సంస్థ అరూప్ కలిసి చేసిన ఈ భవనం 1996లో పూర్తయింది. మామూలు ఏసీ ప్లాంటు లేదు. రాత్రి ఫ్యాన్లు చల్లగాలిని అంతస్తుల కింది ఖాళీల గుండా పంపి కాంక్రీటును చల్లబరుస్తాయి. చెదపుట్టను చూసి దీన్ని రూపొందించారన్న కథ లోకమంతా తిరిగింది. చెదపుట్టల్లో గాలి అప్పట్లో అనుకున్నట్టు కదలదని 2008లో పరిశోధకులు స్కాట్ టర్నర్, రూపర్ట్ సోర్ తమ పరిశోధన ఆధారంగా రాశారు. భవనం మాత్రం పని చేస్తూనే ఉంది. ఎందుకంటే దాని అసలు బలం చెదపుట్టలో లేదు. హరారే సముద్రమట్టానికి 1,400 మీటర్ల పైన ఉంది, రాత్రులు చల్లగా ఉంటాయి, భవనంలో గాలికి తగిలే కాంక్రీటు దండిగా ఉంది. ఇవేవీ లేని ఊళ్లో ఇదే నమూనా కడితే ఇదే ఫలితం రాదు.

ఇంగ్లండ్‌లోని గార్‌స్టన్‌లో 1996లో కట్టిన, భవన పరిశోధన సంస్థ బీఆర్ఈకి చెందిన ఎన్విరాన్‌మెంటల్ బిల్డింగ్‌లో స్లాబును అలల ఆకారంలో పోసి, లోపల గాలి మార్గాలు వదిలారు. అల ఆకారం వల్ల గాలికి తగిలే వైశాల్యం పెరుగుతుంది, కాంక్రీటు లోపలి నుంచి కూడా చల్లబడుతుంది. స్వీడన్‌లో పుట్టిన టెర్మోడెక్ పద్ధతిలో బోలు స్లాబుల రంధ్రాలనే డక్టులుగా వాడతారు. ఇంతకు ముందు చెప్పిన పైపొర అడ్డును దాటడానికి వేసిన ఎత్తులే ఇవన్నీ.

మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ 2006లో తెరిచిన పది అంతస్తుల కౌన్సిల్ హౌస్ 2 భవనంలో రాత్రి చల్లబడ్డాక కిటికీలు వాటంతటవే తెరుచుకుంటాయి. పగటికి ఇవి చాలవు కాబట్టి అక్కడ చల్లటి నీళ్లు పారే సీలింగ్ ప్యానెళ్లు కూడా పెట్టారు. రాత్రి గాలి కొంత మోస్తుంది, మిగతాది యంత్రాలు మోస్తాయి. ఈ మిశ్రమ పద్ధతే ఇప్పుడు ఎక్కువమంది డిజైనర్లు ఎంచుకుంటున్నది, ఆచరణకు దగ్గరగా ఉన్నది కూడా ఇదే.

## చల్లగా అనిపించడం, ఉదయం చలి

చల్లబడ్డ స్లాబ్ ఇచ్చే సుఖం ఏసీ గాలి ఇచ్చే సుఖం లాంటిది కాదు. మన ఒంటికి తెలిసే వేడిలో దాదాపు సగం చుట్టూ ఉన్న గోడలు, పైకప్పు నుంచి ప్రసరించేదే. గాలి 26 డిగ్రీలున్నా చుట్టూ ఉన్న ఉపరితలాలు 24 డిగ్రీలుంటే ఒంటికి 25 లాగే అనిపిస్తుంది. కాబట్టి ఏసీ సెట్‌పాయింట్‌ను (ఏసీకి పెట్టిన ఉష్ణోగ్రతను) ఒక డిగ్రీ పెంచినా ఎవరూ ఫిర్యాదు చేయరు. రాత్రి వెంటిలేషన్ పెట్టి, పగలు సెట్‌పాయింట్ పాతదే ఉంచితే ఈ ప్రయోజనం చేజారిపోతుంది. చాలాచోట్ల జరిగేది అదే.

కిటికీలు తెరుచుకునే భవనాల్లో జనం ఇంకొంచెం ఎక్కువ వేడికి కూడా సర్దుకుంటారని పరిశోధనలు తేల్చాక, 2004లో అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం అష్రే తన 55వ నంబరు ప్రమాణంలో దానికోసం ప్రత్యేక లెక్క చేర్చింది. దాని ప్రకారం బయటి సగటు 25 డిగ్రీలున్నప్పుడు లోపల 25.5 డిగ్రీలు సుఖంగా ఉంటుంది, అంతకు మూడున్నర డిగ్రీలు అటూ ఇటూ అయినా 80 శాతం మంది ఒప్పుకుంటారు. అద్దాలు బిగించిన ఏసీ భవనాలకు ఈ వెసులుబాటు వర్తించదు.

రెండో వైపు ఉదయం చలి. వాతావరణం మారే నెలల్లో రాత్రంతా గాలి వదిలేస్తే పొద్దున్నకు లోపల 17, 18 డిగ్రీలకు దిగుతుంది. ఉద్యోగులు స్వెటర్లు వెతుక్కుంటారు, అంతకన్నా దారుణం ఏమిటంటే కొన్ని భవనాల్లో హీటర్లు వాటంతటవే ఆన్ అవుతాయి. రాత్రి చల్లబరచడం, పొద్దున వేడి చేయడం, మధ్యాహ్నం మళ్లీ చల్లబరచడం. ఇలాంటి కంట్రోల్ ఉన్న భవనానికి అసలు నైట్ వెంటిలేషన్ లేకపోవడమే లాభం.

దీన్ని ఆపడానికి మూడు నాలుగు నియమాలు చాలు. లోపలి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గరికి దిగగానే ఆపాలి. బయటికీ లోపలికీ కనీసం 3 డిగ్రీల తేడా ఉంటేనే మొదలుపెట్టాలి. నిన్న ఏసీ అవసరం పడకపోతే, రేపు కూడా పడదని వాతావరణ సూచన చెబితే ఆ రాత్రి వదిలేయాలి. రాత్రి గాలి ఆడిన రోజు ఉదయం హీటింగ్ పూర్తిగా లాక్ అయి ఉండాలి. నియమాలు చిన్నవే గానీ బయటి సెన్సర్ ఎండ తగిలే గోడ మీదో, ఎగ్జాస్ట్ పక్కనో ఉంటే అవన్నీ వృథా. వాన జల్లు ఒక్కసారి కంప్యూటర్ల మీద పడితే మెయింటెనెన్స్ వాళ్లు ఈ ఏర్పాటును మాన్యువల్‌లో పెట్టేసి మళ్లీ ముట్టుకోరు. పురుగులు, దొంగతనం, రాత్రి శబ్దం కూడా ముందే ఆలోచించాల్సినవే.

## బిల్లులో ఎక్కడ కనిపిస్తుంది

మొత్తం యూనిట్లలో ఆదా కన్నా, గరిష్ఠ డిమాండ్‌లో తగ్గుదల ఒక్కోసారి ఎక్కువ విలువైనది. చాలా వాణిజ్య కనెక్షన్లకు నెలలో అత్యధికంగా లాగిన లోడును బట్టి కూడా ఛార్జీ పడుతుంది. చల్లబడ్డ స్లాబ్ మధ్యాహ్నం శిఖరాన్ని కొంత కోసేస్తుంది, ఉదయం ఏసీ ప్లాంటు ఒక్కసారిగా లాగే లోడునూ తగ్గిస్తుంది. రాత్రి కరెంటు చవగ్గా ఉండే టారిఫ్ అయితే ఫ్యాన్ ఖర్చు ఇంకా తేలిక.

సోలార్ కరెంటు పెరుగుతున్న గ్రిడ్లలో మాత్రం ఈ లెక్క మారుతోంది. అక్కడ మధ్యాహ్నం కరెంటు చవకగా, కాలుష్యం తక్కువగా ఉంటుంది. రాత్రి కరెంటు బొగ్గు, గ్యాస్ ప్లాంట్ల నుంచి వస్తుంది. ఇలాంటి చోట రాత్రి భారీ ఫ్యాన్లు తిప్పేకన్నా, మిట్టమధ్యాహ్నం సోలార్ కరెంటుతో భవనాన్ని కాస్త ఎక్కువ చల్లబరిచి సాయంత్రం శిఖరాన్ని దాటడం లాభం కావచ్చు. ఫ్యాన్ లేని సహజ వెంటిలేషన్‌కు ఈ పోటీ లేదు.

## రాత్రులే వేడెక్కుతున్నప్పుడు

ఐరోపా నగరాల వాతావరణాన్ని విశ్లేషిస్తూ ఆర్ట్‌మన్, మాంజ్, హైసెల్‌బర్గ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఉత్తర ఐరోపాలో రాత్రి గాలితో చల్లబరచే అవకాశం చాలా ఎక్కువ. మధ్య, తూర్పు ప్రాంతాల్లోనూ చెప్పుకోదగ్గంత ఉంది. దక్షిణాన ఇది ఒక్కటే సరిపోదు. ఏసీ అవసరం ఎక్కువున్న చోట రాత్రి గాలి బలం తక్కువ అన్నమాట. కాలంలోనూ ఇదే తంతు. వడగాడ్పుల వారంలో, చల్లదనం అన్నిటికన్నా అవసరమైన రోజుల్లో, రాత్రులు కూడా వేడిగానే గడుస్తాయి.

ప్రపంచంలో చాలా ప్రాంతాల్లో గత శతాబ్దం మధ్య నుంచి పగటి గరిష్ఠాల కన్నా రాత్రి కనిష్ఠాలే వేగంగా పెరిగాయి. నగరాల్లో రోడ్లు, భవనాలు పగలు పీల్చుకున్న వేడిని రాత్రి వదులుతాయి కాబట్టి ఊరి బయటి వాతావరణ కేంద్రం చూపించే చల్లదనం నగరం మధ్యలో దొరకదు. విమానాశ్రయం దగ్గరి ఉష్ణోగ్రతలతో లెక్కలు వేసి నగరం నడిబొడ్డున భవనం కడితే అంచనా తప్పడానికి ఇదే కారణం. ఈ పరిస్థితుల్లో రాత్రి గాలిని నమ్ముకుని ఏసీ ప్లాంటు పరిమాణాన్ని బాగా తగ్గించడం ప్రమాదం. ఏడాదిలో ఏసీ నడిచే గంటలు తగ్గుతాయి, అత్యంత వేడి రోజుకు కావలసిన సామర్థ్యం దాదాపు అలాగే ఉంటుంది.

ఇప్పటికే కట్టిన భవనంలో దీన్ని మొదలుపెట్టే ముందు కొత్త పరికరాలు కొనాల్సిన పని లేదు. వేసవిలో రెండు వారాలపాటు రాత్రి స్లాబ్ పైపొర ఉష్ణోగ్రత, భవనం దగ్గరే కొలిచిన బయటి ఉష్ణోగ్రత, డ్యూ పాయింట్, సగం వేగంలో ఫ్యాన్లు తీసుకునే కిలోవాట్లు నమోదు చేస్తే చాలు. బయటి గాలి స్లాబ్ కన్నా 4, 5 డిగ్రీలు చల్లగా, పొడిగా ఉన్న రాత్రులు సగం పైన ఉంటే, తర్వాత చూడాల్సింది ఫాల్స్ సీలింగ్‌లో ఎన్ని పలకలు తీయొచ్చన్నది. అలాంటి రాత్రులు వారానికి ఒకటో రెండో మాత్రమే ఉంటే ఆ డబ్బు అద్దాలకు నీడ కల్పించడానికి, లైట్ల లోడు తగ్గించడానికి పెట్టడం మేలు.